ఎర్రమట్టి దిబ్బల గెడ్డలో మట్టినీ మొక్కలనీ కలిపి చదవడం ఎలా?

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో, నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన, నేరెళ్లవలస దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వాటిని సినిమా పాటల్లో చూసినవాళ్ళు చాలామంది, ఫొటో దిగి వెనుదిరిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ. గెడ్డ, అంటే వాననీరు దిబ్బల్ని కోసిన దారి, దాని అడుగున నిలబడి పక్కగోడ వంక నిదానంగా చూసేవాళ్ళే తక్కువ. ఒక ఉదయం మొత్తం అక్కడ గడిపి, మట్టి ఎలా వచ్చిందో, దాని మీద ఏ మొక్క ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. భూగర్భశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. ఓపిక ఉంటే చాలు.

ఈ చోటు విలువ ఏపాటిదో ముందు రెండు మాటల్లో చెప్పుకుందాం. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు ఇది కూడా యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. సముద్రం ఒడ్డున ఇలా ఎర్రబారిన ఇసుక దిబ్బలు అరుదు. మన చుట్టుపక్కల తమిళనాడు దక్షిణ తీరంలో ఉన్నాయి, అక్కడ వాటిని తేరి అంటారు. శ్రీలంకలోనూ ఉన్నాయి.

నడక మొదలుపెట్టే ముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. నీరు నిలిచే మట్టి మీద మొక్క నిలుస్తుంది, మొక్క నిలిచిన చోట మట్టి నిలుస్తుంది. అందుకని ఆగిన ప్రతిచోటా మొదట మొక్కలు చూడండి, తరవాత వాటి కింద మట్టి చూడండి. మట్టి ఒకరోజు, మొక్కలు ఇంకోరోజు అని విడదీసుకుంటే రెండూ సగం సగమే అర్థమవుతాయి.

1. కాలం, సరంజామా

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్ళండి. వానలు తగ్గి ఉంటాయి, పొదలు పచ్చగా ఉంటాయి, ఎండ భరించేలా ఉంటుంది. వానాకాలంలో వద్దు. ఎండినప్పుడు నిటారుగా నిలబడే ఈ గోడలు తడిస్తే పెళ్ళలుగా విరిగిపడతాయి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో ఆ ఊసే ఎత్తవద్దు. ఏప్రిల్, మే నెలల్లో గెడ్డ అడుగున గాలి ఆడదు, గోడల నుంచి సెగ కొడుతుంది.

పొద్దు పొడవగానే మొదలుపెడితే మేలు. ఏటవాలు ఎండలో గోడ మీది పొరలు, గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకే ఎరుపు.

వెంట ఉండవలసినవి: మడమ మూసే బూట్లు, టోపీ, చాలినన్ని మంచినీళ్ళు, నోటుపుస్తకం, పెన్సిలు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, దిక్సూచి, చిన్న అయస్కాంతం, చిన్న సీసాలో కాస్త వెనిగర్, నాలుగు మీటర్ల తాడు. సుత్తి తీసుకెళ్ళకండి. భూగర్భశాస్త్రం అనగానే సుత్తి గుర్తుకొస్తుంది గానీ, ఇక్కడి మట్టి వేలితో నొక్కితే రాలేంత మెత్తన. పైగా ఇది రక్షిత ప్రదేశం. ప్రవేశం దగ్గర పెట్టిన బోర్డు చదివి, ఎక్కడిదాకా అనుమతి ఉందో అక్కడిదాకానే వెళ్ళండి.

2. దారిలో కొండరాయిని పలకరించండి

నగరం నుంచి వస్తుంటే కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ వరసగా వస్తాయి. వీటి రాయి ఖొండలైటు. తూర్పు కనుమల లోతుల్లో సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి ఇది. రోడ్డు కోసం కొండను కోసిన చోట ఒక నిమిషం ఆగి చూడండి. తుప్పు రంగు మరకలు, వాటి మధ్య తెల్లటి పిండిలాంటి మట్టి, అక్కడక్కడ ఎర్రటి గింజలు కనిపిస్తాయి. ఆ గింజలు గార్నెట్. తెల్లటి మట్టి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్ళగా మిగిలింది.

దిబ్బలకు ముందు ఈ రాయి ఎందుకంటే, అక్కడి ఇసుకకు పుట్టిల్లు ఇదే. దిబ్బల అడుగున ఉన్నదీ ఈ రాయే. కొండ అరిగి, వాగుల్లో కొట్టుకుపోయి, సముద్రం ఒడ్డుకు చేరి, గాలికి లేచి, చివరికి దిబ్బయింది.

3. దిబ్బల దగ్గర కాదు, నీటి అంచు దగ్గర మొదలుపెట్టండి

చాలామంది వాహనం దిగగానే ఎర్రగోడల వైపు పరుగెడతారు. మీరు రోడ్డు దాటి బీచికి వెళ్ళండి. ఈ రోజు ఏం జరుగుతోందో అక్కడ కళ్ళారా చూస్తే, వేల ఏళ్ళ కిందట ఏం జరిగిందో గోడ మీద పోల్చుకోవడం తేలిక.

తడి ఇసుకలో నల్లటి చారలు వెతకండి. చిటికెడు అరచేతిలో పోసుకుని భూతద్దంతో చూస్తే నల్లటి మెరిసే రేణువులు, గులాబీ రంగు రేణువులు, గాజులాంటి రేణువులు వేరువేరుగా తెలుస్తాయి. నల్లవి ఎక్కువగా ఇల్మనైటు, గులాబీవి గార్నెట్, గాజులాంటివి క్వార్ట్జ్. అయస్కాంతాన్ని పలుచటి కాగితంలో చుట్టి ఆనిస్తే మాగ్నటైటు రేణువులు ముళ్ళలా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. భీమిలి తీరం ఈ బరువు ఖనిజాలకు పేరుపడింది. ఈ నల్ల రేణువులను మరిచిపోకండి, వీటితో లోపల పని ఉంది.

ఇప్పుడు మొక్కలు. అలలు చేరని ఎత్తు దాటగానే మొదట ఎదురయ్యేది బాలబందితీగ. ఆకు చివర రెండుగా చీలి ఉంటుంది, ఊదా పువ్వు ఉదయాన విచ్చుకుంటుంది. తీగ మీటర్ల కొద్దీ పాకుతూ కణుపు కణుపుకూ వేరు దించుతుంది. గాలి ఇసుకతో కప్పేస్తే చావదు, ఆ కప్పిన ఇసుకలోనే కొత్త వేళ్ళు వేస్తుంది. దాని పక్కనే గుచ్చుకునే గడ్డి ఒకటి ఉంటుంది, పేరు రావణాసురుడి మీసాలు. ఆడమొక్క గింజల గుత్తి గుండ్రటి ముళ్ళబంతి. ఎండిన బంతి గాలికి బీచంతా దొర్లుతూ పోయి, ఆగిన చోట మొలకెత్తుతుంది. పేరు పెట్టినవాడికి నమస్కారం పెట్టాలి. ఈ రెండింటి వెనక ఇసుక చిన్న గుట్టగా పేరుకుని ఉండడం గమనించండి. గాలి తెచ్చిన ఇసుకను మొక్క ఆపింది. దిబ్బ పుట్టుక ఇలాగే మొదలవుతుంది.

తాడును మీటరు చదరంగా పరచి, లోపల ఏయే మొక్కలు ఉన్నాయో, నేలలో ఎంత వంతు కప్పాయో, ఇసుక రంగు ఏమిటో రాసుకోండి. దీన్ని మొదటి మజిలీ అనుకోండి. ఆగిన ప్రతిచోటా ఇదే లెక్క.

4. సరుగుడు తోటలో ఎక్కువసేపు ఆగక్కరలేదు

సముద్రపు గాలిని అడ్డుకోవడానికి నాటిన సరుగుడు చెట్లివి. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. ఒకటి తీసుకుని కణుపు దగ్గర విరిచి, భూతద్దంతో చూస్తే అసలు ఆకులు చిన్న పొలుసులుగా కనిపిస్తాయి. చెట్టు కింద నేల చూడండి. రాలిన రెమ్మల చాప మందంగా పరుచుకుని ఉంటుంది, దాని మీద ఇంకో మొక్క మొలవడం అరుదు. నాటిన తోటకూ తనంతట తాను పెరిగిన పొదకూ తేడా పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ తీరంలో చెట్లను కూకటివేళ్ళతో కూల్చింది. ఇసుకను పాకుతూ పట్టుకునే తీగ తుపానును తట్టుకునే తీరు వేరు, నిటారుగా పెరిగే చెట్టు తీరు వేరు.

5. గెడ్డ నోట్లోకి ప్రవేశించండి

దిబ్బలను కోసుకుంటూ వాననీరు సముద్రం వైపు వచ్చే దారులే ఈ గెడ్డలు. పెద్ద గెడ్డలోకి చిన్నవి, వాటిలోకి ఇంకా చిన్నవి, చెట్టు కొమ్మల తీరులో విడిపోతూ పోతాయి. పెద్దదాని అడుగునే నడవండి, చిన్న చీలికల్లోకి దూరకండి.

అడుగు ఇసుక తెలుపో లేత పసుపో ఉంటుంది, పక్కగోడలు ఎరుపు. గోడ నుంచి రాలిందే అడుగున ఉంటే రంగు ఎందుకు తగ్గింది? గుప్పెడు ఎర్రమట్టి, అంటే కింద రాలి ఉన్నదే, అరచేతిలో నీళ్ళు పోసి రుద్ది చూడండి. నీరు ఎర్రబడి కారిపోతుంది, రుద్దే కొద్దీ రేణువులు తేటబడతాయి. ఎరుపు చాలావరకు రేణువు లోపలిది కాదు, పైపూత. ఐరన్ ఆక్సైడు, బంకమట్టి కలిసిన పలుచటి పూత. ప్రతి వానా గెడ్డలో ఇసుకకు చేసే పని మీ అరచేతిలో జరిగినదే. వాన తరవాత గెడ్డ నీరు ఎర్రగా సముద్రంలో కలవడానికి కారణం కూడా ఇదే.

పూత ఎక్కడిది? బీచిలో చూసిన నల్ల రేణువులు, గార్నెట్లు గుర్తున్నాయి కదా. ఇనుము ఉన్న ఆ ఖనిజాలు దిబ్బలో చిక్కుకుని, వానకు తడుస్తూ, ఎండకు ఆరుతూ, గాలికి ఆక్సీకరణం చెందుతూ వేల ఏళ్ళు గడిపాయి. వదిలిన ఇనుము చుట్టూ ఉన్న క్వార్ట్జ్ రేణువులకు పట్టింది. దిబ్బ మొదట్లో ఎర్రగా పుట్టలేదు, పడి ఉండి ఎర్రబడింది.

అడుగున మొక్కలు బీచివి కావు, మెట్టపొదలవీ కావు. నీరు ఒరుసుకునే మలుపుల్లో ఒండ్రు పడిన చోట గడ్డి, తేమ ఎక్కువైన చోట మొగలి పొదల కోసం చూడండి. గోడ అడుగు వెంట పచ్చదనం గీత గీసినట్టు ఉంటే అక్కడ మట్టిని ముట్టుకోండి, చల్లగా తగులుతుంది. పైన ఇసుక తాగిన వాన లోపలికి దిగి, బంక ఎక్కువున్న పొర అడ్డురాగానే పక్కకు ఊరుతుంది. ఆ ఊటను మొక్క మనకంటే ముందే కనిపెడుతుంది.

6. గోడ చదవండి

మీ సమయంలో సగం దీనికి కేటాయించండి.

మీ ఎత్తుకు రెట్టింపు దూరం వెనక్కి జరిగి నిలబడి, మొదట బొమ్మ గీయండి. ఫొటో తరవాత తీసుకోవచ్చు, గీస్తేనే కన్ను పని చేస్తుంది. పరిశోధకులు ఇక్కడి ఇసుకను కింది నుంచి పైకి నాలుగు పొరలుగా చెబుతారు: అడుగున పసుపు ఇసుక, దాని మీద గట్టి గడ్డలున్న ఎరుపు గోధుమ రంగు ఇసుక, ఆపైన ఇటుక రంగు ఇసుక, అన్నిటి మీదా లేత పసుపు దిబ్బ ఇసుక. నాలుగూ ఒకే గోడలో దొరుకుతాయని ఆశపడకండి. ఇటుక రంగుది మాత్రం ఎక్కడైనా కనిపిస్తుంది. రంగు ఎక్కడ మారుతోందో, ఆ గీత పదునుగా ఉందో మసకగా ఉందో గుర్తు పెట్టండి.

గడ్డలున్న పొర దొరికితే అదృష్టమే. గోడ నుంచి పీకకండి, కింద రాలినవి బోలెడు ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే కొన్ని గొట్టాల్లా, కొన్ని కొమ్మలు చీలినట్టు ఉంటాయి. ఒక చుక్క వెనిగర్ వేసి భూతద్దం ఆనించండి. సన్నటి బుడగలు లేస్తే అందులో సున్నం ఉంది. లేవకపోతే ఇనుముతో గట్టిపడినది కావచ్చు. ఆ కొమ్మల ఆకారానికి కారణం వేళ్ళు. ఒకప్పుడు ఈ దిబ్బ మీద పెరిగిన మొక్క వేరు చుట్టూ సున్నం పేరుకుని, వేరు కుళ్ళిపోయి, అచ్చు మిగిలింది. అంటే ఆ కాలంలో ఇసుక కొన్నాళ్ళు కదలకుండా ఉంది, మొక్కలు దాన్ని పట్టి ఉంచాయి. బాలబందితీగ వెనక చూసిన చిన్న గుట్టనూ దీన్నీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. చూశాక ఉన్నచోటే పెట్టేయండి.

ఇంత ఇసుక ఎక్కడి నుంచి లేచింది? సుమారు 20 వేల ఏళ్ళ కిందట, గడచిన మంచుయుగం ముదిరినప్పుడు, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఈనాడు నీటి కింద ఉన్న నేల అప్పుడు ఆరుబయట ఎండుతూ ఉండేది. గాలికి ఇసుక కొరత లేదు. సముద్రం దిగితే వాగులు కూడా ఇంకా కిందికి దూకాలి, కాబట్టి దిబ్బలను లోతుగా కోస్తాయి. ఇసుకను పోగుచేయడంలోనూ, కోయడంలోనూ సముద్రమట్టానికి చెయ్యి ఉంది. మంచు కరిగి సముద్రం మళ్ళీ పైకి వచ్చి, ఆరేడు వేల ఏళ్ళ కిందటికి ఇంచుమించు ఇప్పటి మట్టానికి చేరింది.

ఇక గోడ అడుగున వంగి కూర్చోండి. రాలిన మట్టి వాలు మీద వేలెడు ఎత్తు స్తంభాలు గుంపులుగా నిలబడి ఉండవచ్చు. ఒక్కొక్క దాని నెత్తిన ఒక గులకరాయో గడ్డ ముక్కో ఉంటుంది. చినుకు పడినప్పుడు దాని కింద మట్టి తడవలేదు, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. మట్టి ఏ లెక్కన కోసుకుపోతోందో చెప్పే కొలబద్ద ఇది. స్తంభం ఎత్తు కొలిచి రాసుకోండి, కాలితో మాత్రం తన్నకండి.

గోడ మీద మొక్కలు తక్కువ. అయినా దిక్సూచి తీసి, ఎదురెదురు గోడలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో చూసి, రెండింటి మీదా పచ్చదనం పోల్చండి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కనుక ఉత్తరం వైపు తిరిగిన గోడ నీడన ఉంటుంది, తేమ ఎక్కువసేపు నిలుస్తుంది.

గోడ ఎక్కవద్దు, గోడ అంచున నిలబడవద్దు. అంచు కింద మట్టి లోపలికి తొలిచి ఉంటుంది, పైనుంచి అది కనపడదు. బతికి ఉంటే బలుసాకు తినవచ్చు అన్నారు పెద్దలు. ఆ బలుసు పొదలను వెతుక్కుంటూ ఇప్పుడు మామూలు కాలిదారిన పైకి వెళదాం.

7. దిబ్బ మీద

పైన మొక్కల తీరు పూర్తిగా మారిపోతుంది. ఇది తూర్పుతీరపు ముళ్ళపొద: బలుసు, కలివి, పరికి, తంగేడు, బందారు, మధ్యమధ్య ఈత, తాటి. చాలావాటికి ఆకు చిన్నది లేదా మందం, ముల్లు తప్పదు. ఇసుక వాననీటిని ఉంచుకోదు, ఉప్పుగాలి ఆకును ఎండగొడుతుంది, మేకలు మిగిలింది తింటాయి. ఈ మూడింటికీ కలిపి మొక్క ఇచ్చిన జవాబు ఆ ఆకు, ఆ ముల్లు. బందారు ఆకును వేళ్ళ మధ్య నలిపి చూడండి, జిగురుగా తగులుతుంది. ఆ పూత ఆకులోని తడిని కాపాడుతుంది.

పొదల మధ్య ఖాళీ నేలను వదిలేయకండి. వానల తరవాత అక్కడ నీలిపూల విష్ణుక్రాంత నేలకు అంటుకుని పెరుగుతుంది, వెంపలి కూడా కనిపిస్తుంది. ఎర్ర ఇసుక పైన పలుచటి పెంకులా గట్టిపడి ఉంటుంది. మీ అడుగు పడిన చోట అది పగిలి కింద వదులు ఇసుక బయటపడుతుంది. వచ్చే వానకు చిన్న కాలువ అక్కడే మొదలవుతుంది. ఉన్న బాట వెంటే నడవమనడం చాదస్తం కాదు.

ఇక్కడ మీటరు చదరం బదులు అయిదు మీటర్ల చదరం తీసుకోండి, పొదల మధ్య దూరం ఎక్కువ కదా. మూలలకు నాలుగు గులకరాళ్ళు పెట్టుకుంటే సరి.

జీడిమామిడి తోటలు కూడా పైనే ఉంటాయి. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిన చెట్టు, ఇలాంటి ఇసుక నేలలో హాయిగా పెరుగుతుంది. తోటకు యజమాని ఉంటాడు, పండు కోయకండి. పచ్చిగింజ కొరికితే పెంకులోని నూనెకు పెదవులు పొక్కుతాయి, ఆ శిక్ష అక్కడికక్కడే.

8. చెదరని చోటునూ చెదిరిన చోటునూ విడదీయండి

దిబ్బలన్నీ ఒక్కలా మిగిలి లేవు. 2024లో దిబ్బల పక్కనే యంత్రాలతో నేల చదును చేసిన పని వార్తలకెక్కింది. చెదిరిన నేలను మొక్కలే పట్టిస్తాయి. సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ దట్టంగా కనిపిస్తే అక్కడ ఎప్పుడో తవ్వకమో, బండ్ల దారో, చెత్త పోయడమో జరిగిందని అనుమానించండి. జిల్లేడు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి, అది ఎక్కడైనా పెరుగుతుంది. దాని పాలు కంట్లో పడకుండా చూసుకోండి.

నేల చెప్పే గుర్తులు ఇంకా నమ్మదగినవి. పొరల గీతలు తెగకుండా సాగుతున్నాయా? పైపెంకు పగలకుండా ఉందా? గోడ పైఅంచున పొదల వేళ్ళు మట్టిని పట్టుకుని ఉన్నాయా, లేక గాలిలో వేలాడుతున్నాయా? మూడింటికీ మంచి జవాబు వచ్చిన గెడ్డనే మీ వివరమైన బొమ్మకు ఎంచుకోండి. జనం ఫొటోలు దిగే గెడ్డ కంటే అది చిన్నదైనా ఫరవాలేదు.

ఈ దిబ్బల్లో రాతియుగపు పనిముట్లు దొరికాయి. ఇసుకలో గాజుముక్కలా పదునైన చిన్న రాతిపలక కనిపిస్తే తీయకండి. ఉన్నచోటే ఫొటో తీసి, పక్కన పెన్సిలు పెట్టి పరిమాణం తెలిసేలా చూసుకుని, ఆ స్థలం వివరం పురావస్తు శాఖకు చెప్పండి. చోటు మారిన పనిముట్టు సగం కథ పోగొట్టుకుంటుంది.

9. ఇంటికి వెళ్ళిన రోజే రాసేయండి

పొడుగాటి కాగితం మీద అడ్డుకోత బొమ్మ గీయండి. కుడివైపు చివర సముద్రం, అక్కడి నుంచి బీచి, సరుగుడు, రోడ్డు, గెడ్డ అడుగు, గోడ, పైదిబ్బ. గీత కింద మట్టి రంగు, పొరలు. గీత పైన మొక్కలు, ప్రతిచోటా మీరు రాసుకున్న జాబితా ప్రకారం. ఎక్కడ మట్టి మారిందో అక్కడ మొక్కలూ మారాయా అన్నది ఈ బొమ్మలో తేలుతుంది. మారని చోట్లు కూడా ఉంటాయి. సరుగుడు, జీడిమామిడి అలాంటివే, అక్కడ మట్టి కంటే మనిషి చెయ్యి ముందు.

పేరు తేలని మొక్కల ఫొటోలను ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ ఐనాచురలిస్ట్‌లో గానీ పెట్టండి. ఆకు, పువ్వు, కాయ, మొత్తం మొక్క, నాలుగూ ఉంటే గుర్తుపట్టేవాళ్ళు త్వరగా దొరుకుతారు. తెలుగు పేరు కూడా చేర్చండి, చాలా మొక్కలకు అక్కడ ఆ గడి ఖాళీగా ఉంది.

చివరగా, గోడ ఫొటో ఎక్కడ నిలబడి తీశారో నోటుపుస్తకంలో గుర్తు రాసుకోండి. వచ్చే ఏడాది వానలు తగ్గాక అదే చోట నిలబడి, అదే వేళకు మరొకటి తీసి, రెండింటి మీదా పైఅంచును పెన్సిలుతో గీసి పోల్చండి.